దాచిపెట్టిన మాట: డిటెక్టివ్ నవలలపై ఒక న్యాయవాది అభిప్రాయం

గత వేసవిలో మా హోసూరు ప్రాంతంలోని ఒక చిన్న తెలుగు పఠన మందిరానికి రెండు గోనెసంచుల పుస్తకాలు విరాళంగా వచ్చాయి. ఇచ్చినవారు కీర్తిశేషులైన ఒక తెలుగు పండితుని కుటుంబీకులు. ఇల్లు అమ్మి బెంగుళూరు వెళ్లిపోతూ, పాత కాగితాల కింద తూకానికి వేయడానికి మనసొప్పక మాకు అప్పగించారు. సంచులు విప్పితే పైన భారత భాగవతాలు, శతకాలు, ఛందో వ్యాకరణ గ్రంథాలు కనిపించాయి. వాటి క్రింద, సగం సంచి నుండి అడుగు దాకా, డిటెక్టివ్ నవలలు! యుగంధర్‌లు, షాడోలు, అట్ట ఊడిన పాకెట్ పుస్తకాలు, వారపత్రికల నుండి సీరియల్ పేజీలు చింపి దారంతో కుట్టిన కట్టలు. ఆ పండితుడు తరగతి గదిలో మనుచరిత్ర తప్ప మరొక మాట ఎత్తేవాడు కాదని ఆయన శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కార్యవర్గ సమావేశంలో దీనిపై పెద్ద వాదమే జరిగింది. "భాషను నిలబెట్టడానికి పెట్టుకున్న మందిరం ఇది. ఈ హత్యలూ విషప్రయోగాలూ చదివించి పిల్లకాయలకు ఏం నేర్పిస్తాం?" అని పెద్దలొకరు అభ్యంతరం చెప్పారు. "పెద్దాయనా, ఇవి తీసేస్తే ఇక్కడికి వచ్చి చదివేది ఎవరు?" అని ఒక యువకుడు ఎదురడిగాడు. వాదం తెగకపోయేసరికి అందరూ నా వైపు తిరిగారు. "లాయరు సార్, నేరాల సంగతి మీకు తెలిసినట్లు మాకు తెలీదు. మీరే చదివి తీర్పు చెప్పండి" అన్నారు. తీర్పు చెప్పే అధికారం న్యాయవాదికి లేదని నవ్వుతూ తప్పించుకోబోయాను గాని కుదరలేదు. నెల రోజులు రాత్రిపూట ముప్పైకి పైగా నవలలు చదివాను. ఆ నివేదికనే కొంత పెంచి ఇక్కడ మన పాఠకుల ముందు పెడుతున్నాను.

మొదట నా పక్షపాతాన్ని ఒప్పుకోవాలి. నేను చదివింది తమిళ మాధ్యమంలో. తెలుగు అక్షరాలు నేర్పింది మా అవ్వ. అక్షరాలు రావడం వేరు, పుస్తకం చదవడం వేరు. పెద్దబాలశిక్ష నాలుగు పుటలు దాటేసరికి నాకు నిద్ర వచ్చేది. కుప్పం నుండి వచ్చిన మా మేనమామ ఒకసారి మరచిపోయి వెళ్లిన యుగంధర్ నవలే నేను మొదటి అక్షరం నుండి చివరి దాకా చదివిన తొలి తెలుగు పుస్తకం. ఒత్తులు తడుముకుంటూ, తెలియని మాటను దాటేస్తూ, హంతకుడెవరో తెలుసుకోవాలన్న ఒక్క ఆత్రంతో మూడు రోజులు కూర్చున్నాను. నాలుగో నవలకు తడుముకోవడం పోయింది. ఇది నా ఒక్కడి కథ కాదు. కోలారులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో నా వయసు తెలుగువారిని అడిగి చూడండి. తెలుగు బడి లేని చోట, పరీక్ష మార్కుల భయం లేకుండా, తమంతట తాము తెలుగు చదవడం ఎలా అలవడిందంటే సగం మంది అద్దె పుస్తకాల కొట్టు పేరే చెబుతారు. 2006లో వచ్చిన చట్టం తమిళనాట పదవ తరగతి దాకా తమిళాన్ని క్రమంగా తప్పనిసరి చేసింది. అప్పటి నుండి తెలుగు మొదటి భాషగా చదువుకొనే హక్కు కోసం మన పిల్లలు ఏటేటా కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. అలాంటి కాలంలో పిల్లవాడి చేతిలోని తెలుగు పుస్తకాన్ని "ఇది మంచిది కాదు" అని లాక్కొనేవారు, దాని స్థానంలో ఏ పుస్తకం పెడుతున్నారో కూడా చెప్పాలి.

ఈ నవలలు మనకు పరాయివి కూడా కావు. తెలుగులో తొలి డిటెక్టివ్ నవలల్లో ఒకటిగా చెప్పుకునే దేవరాజు వేంకటకృష్ణారావు గారి "వాడే వీడు" వచ్చి నూరేళ్లు దాటింది. బెంగాలీ రచయిత పాంచ్‌కడి దే నవలలను మన తాతలు తెలుగులో చదివారు. 1950ల తరువాత ఈ ప్రక్రియను ఇంటింటికీ చేర్చిన కొమ్మూరి సాంబశివరావు తన యుగంధర్‌ను మద్రాసు నగరంలో నిలబెట్టారు. సమగ్ర ఆంధ్ర సాహిత్య చరిత్ర వ్రాసిన ఆరుద్ర కూడా మద్రాసులో ఉంటూ డిటెక్టివ్ నవలలు వ్రాశారు. అంత గ్రంథం వ్రాసిన మనిషికి తక్కువగా తోచని పని మన కార్యవర్గానికి తక్కువగా తోచడం విచిత్రం.

ఇక తీర్పు సంగతి. డిటెక్టివ్ నవలను తూచడానికి అందరూ వాడే రాళ్లు నాకూ తెలుసు. ఆధారాలను పాఠకుని కంటి ముందు పెట్టాడా, దాచి మోసం చేశాడా? హంతకుని ఉద్దేశం మనిషి స్వభావానికి అతుకుతుందా? ఊరు ఊరిలా ఉందా? ఈ తూకంలో కొమ్మూరి నవలలు ఇప్పటికీ నిలబడతాయి. ఆయన వాక్యం చిన్నది, అలంకారం లేనిది. కొత్తగా తెలుగు చదవడం మొదలుపెట్టినవానికి అంతకంటే మంచి మెట్టు లేదు. యండమూరి "అభిలాష" కూడా నిలుస్తుంది. నిర్దోషిని కూడా ఉరి తీసే అవకాశం ఉందని నిరూపించడానికి ఒక యువ న్యాయవాది తన మీద తానే హత్యా సాక్ష్యాలు అల్లుకొనే కథ అది. 1983లో సినిమాగా వచ్చింది. మరణశిక్ష అత్యంత అరుదైన కేసుల్లోనే అని సుప్రీంకోర్టు బచన్ సింగ్ కేసులో చెప్పింది 1980లో. ఆ చర్చను కోర్టు గుమ్మం దాటించి వంటింటి దాకా తెచ్చిన నవల అది. నాతో పాటు న్యాయశాస్త్రం చదివినవారిలో ఒకరిద్దరు ఆ పుస్తకం వల్లనే ఈ వృత్తికి వచ్చారు.

అయితే వృత్తిరీత్యా నాకు మరొక తూనిక రాయి ఉంది. ముప్పై నవలల్లో ఇరవైకి పైగా ముగింపు ఒకటే. డిటెక్టివ్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి కథంతా విప్పుతాడు. హంతకుడు తల వంచి "అవును, నేనే చంపాను" అంటాడు. పక్కనే ఉన్న ఇన్‌స్పెక్టర్ సంకెళ్లు వేస్తాడు. కథ కంచికి. వాస్తవంలో ఆ ఒప్పుకోలు కాగితం విలువ కూడా చేయదు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును నిందితునిపై రుజువు చేయరాదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. ఇప్పుడు దాని స్థానంలో, 2024 జూలై 1 నుండి, భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ అదే మాట చెబుతోంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. కస్టడీలో ఉన్న నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు లేదా సంగతి బయటపడితే, ఆ బయటపడినదానికి నేరుగా సంబంధించిన మాట మేరకు మాత్రమే సాక్ష్యంగా చెల్లుతుంది. ఈ సూత్రానికి దేశమంతటా నేటికీ ఉదహరించే తీర్పు మన తెలుగునాటి కేసులోనిదే. గుంటూరు సెషన్స్ కోర్టు నుండి లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు (1947). అందులో చంపిన వైనం చెప్పిన భాగమంతా పోయింది. బల్లెమూ కర్రా ఫలానా వామిలో దాచాను, వస్తే చూపిస్తాను అన్న భాగం ఒక్కటే నిలిచింది. లా రిపోర్టులో మనకు మిగిలింది ఆ మాటకు ఇంగ్లీషు తర్జుమా మాత్రమే.

"దాచాను" అన్న ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగాలి. ఎందుకంటే అదే మాట నా జూనియర్ రోజుల్లో ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

ఊరూ కోర్టూ చెప్పను. నిందితుడు ఒక తాపీ కూలీ. ఇంటి భాష తెలుగు, తమిళం బజారు మేరకు వచ్చు, చదవడం ఏదీ రాదు. గట్టు తగాదాలో దాయాది ఒకరు కొడవలి దెబ్బకు చనిపోయారు. కొడవలి ఎక్కడ అని అడిగితే ఇతడు "అటక మింద దాచిపెట్టినాను సార్" అన్నాడు. వెళ్లి చూస్తే ఉంది. తమిళంలో మహజరు వ్రాశారు. (ఆంధ్రలో పంచనామా అనేదాన్ని మనవైపు మహజరు అంటారు.) అందులో ఆ మాట "మఱైత్తు వైత్తేన్" అయింది. తమిళంలో దానికి ఒకటే అర్థం, ఎవరి కంటా పడకుండా మరుగు పరచడం. మన మాటకు అలా కాదు. తెలుగు ఇల్లాలు డబ్బు దాచుకుంటుంది, ఊరగాయ దాచిపెడుతుంది, కూతురికి చీర దాచి ఉంచుతుంది. అందులో నేరం లేదు, జాగ్రత్త ఉంది. "పిల్లోళ్లకు అందకుండా పెట్టినాను సార్, మా ఇంట్లో కొడవలి ఎప్పుడూ ఆడనే ఉంటాది" అని అతడు నాతో జైలులో చెప్పాడు. పని ముట్టును రోజూ పెట్టే చోట పెట్టిన మనిషి, కాగితం మీద ఆయుధాన్ని మరుగుపరచిన హంతకుడయ్యాడు. తాను ఏ కాగితం మీద వేలిముద్ర వేశాడో అతనికి తెలియదు. చదివి వినిపించారా అంటే వినిపించారట, తమిళంలో.

నిందితునికి అర్థం కాని భాషలో కోర్టులో సాక్ష్యం నమోదైతే దాన్ని అతనికి అర్థమయ్యే భాషలో చెప్పి తీరాలని నేర విచారణ స్మృతి 279వ సెక్షన్ విధించింది. 2024లో వచ్చిన నాగరిక సురక్షా సంహితలో అది 314వ సెక్షన్. కాని ఇది కోర్టులో ఇచ్చే సాక్ష్యానికి. స్టేషన్‌లో వ్రాసే మహజరుకు ఆ రక్ష లేదు. నిందితుని నోటి మాటలు ఉన్నవి ఉన్నట్లుగా పంచనామాలో ఎక్కాలని కర్ణాటక నుండి వెళ్లిన ఒక హత్య కేసులో 2022లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. మేము వాదించిన రోజుల్లో ఆ తీర్పు లేదు. 11 నెలలు రిమాండులో ఉన్న తరువాత మా కక్షిదారు విడుదలయ్యాడు. అయితే కారణం వేరు. చూశామన్న సాక్షులు అడ్డప్రశ్నల్లో నిలబడలేదు. "దాచిపెట్టినాను" గురించి మేము అరగంట వాదించాం, తీర్పులో దానిపై ఒక్క వాక్యం లేదు. నాకు ఇప్పటికీ ఆ కేసు గెలిచినట్లు అనిపించదు.

ఆ తరువాత నేను ఏ నేర నవల చదివినా ఒక ప్రశ్న వదలడం లేదు. ఈ ఒప్పుకోలు ఏ భాషలో జరిగింది? ఎవరు వ్రాశారు? వ్రాసినవాడికి ఆ భాష వచ్చా? ఈ ప్రశ్నలు వేస్తే మన నవలల్లో చాలా భాగం బోల్తా పడతాయి. యుగంధర్ మద్రాసు డిటెక్టివ్. కాని నేను చదివిన యుగంధర్ నవలల్లో మద్రాసు అంతా తెలుగే. రిక్షావాడు మొదలు ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు దాకా ఒకే పుస్తకపు తెలుగులో మాట్లాడతారు. మధుబాబు షాడో దేశదేశాలు తిరుగుతాడు, ఎక్కడా దుభాషి అవసరపడదు. షాడో పై అధికారి పేరు కులకర్ణి. ఆయన నోట ఒక్క మరాఠీ మాట విన్న గుర్తు నాకు లేదు. తెనాలిలోనో వరంగల్లులోనో చదివే పాఠకునికి ఇది లోపంగా తోచదు. కథ పరుగెత్తాలి, నిజమే. కాని సిరోంచాలో, రాయగడలో, పావగడలో కూర్చొని చదివే మనకు తోచాలి. మన జీవితంలో అడుగడుగునా ఉన్నది, మన పేరుతో వెలిసిన నగర కథల్లో లేకుండా పోయింది.

ఇది ఈ ప్రక్రియకు స్వభావసిద్ధమైన లోపం కూడా కాదు. డిటెక్టివ్ కథలకు ఆద్యమని సాహిత్య చరిత్రకారులు చెప్పే కథ 1841లో ఎడ్గార్ ఎలన్ పో వ్రాసిన "మర్డర్స్ ఇన్ ది ర్యూ మోర్గ్". పారిస్ నగరంలో తల్లీకూతుళ్ల హత్య జరుగుతుంది. కేకలు విని మెట్లెక్కుతున్న జనానికి పైనుండి రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి ఫ్రెంచివాడిదని అందరూ ఒప్పుకుంటారు. రెండవది కీచుగొంతు. అది స్పానిష్ అంటాడు ఫ్రెంచి జవాను. జర్మన్ అంటాడు ఇంగ్లీషు దర్జీ, తనకు జర్మన్ రాదు. ఇంగ్లీషు అంటాడు స్పెయినువాడు, తనకు ఇంగ్లీషు రాదు. రష్యన్ అంటాడు ఇటలీవాడు, అతడు రష్యావాడితో ఎన్నడూ మాట్లాడి ఎరుగడు. ఆమ్‌స్టర్‌డాం నుండి వచ్చిన మరొక సాక్షి ఫ్రెంచి రానందువల్ల దుభాషి ద్వారా సాక్ష్యమిస్తూ, ఆ గొంతు ఫ్రెంచిదే అంటాడు! ప్రతి ఒక్కరూ తమకు రాని భాషనే ఆ గొంతుకు అంటగట్టారు. ఈ ఒక్క సంగతి పట్టుకొనే డ్యూపా అనే పరిశోధకుడు రహస్యం ఛేదిస్తాడు. ఎలాగో చెప్పను, చదవనివారికి అన్యాయం చేసినట్లవుతుంది. తనకు అర్థం కాని శబ్దం చెవిన పడితే మనిషి దాన్ని పరాయివాడి మీదికి నెట్టేస్తాడన్న సత్యం మీదనే ఈ ప్రక్రియకు పునాది పడింది. సరిహద్దు జిల్లాలో బ్రతికేవారికి ఈ కథను విడమరచి చెప్పనక్కరలేదు.

1893లో కానన్ డాయిల్ వ్రాసిన "గ్రీక్ ఇంటర్‌ప్రెటర్" అనే షెర్లాక్ హోమ్స్ కథ ఇంకా దగ్గరగా వస్తుంది. లండన్‌లోని ఒక గ్రీకు దుభాషిని బండిలో ఎక్కించి, దారి కనబడకుండా కిటికీలు మూసి, ఎక్కడికో తీసుకెళతారు. అక్కడ ఒక బందీ. ముఖమంతా ప్లాస్టర్ పట్టీలు, నోరు మూసేశారు, చేతిలో పలక. దుండగుల ప్రశ్నలను గ్రీకులో అడగడం దుభాషి పని. వాళ్లకు గ్రీకు రాదు. అతడు ఒక్కో ప్రశ్న చివర తన సొంత ప్రశ్న ఒకటి చిన్నగా తగిలిస్తాడు. నీవెవరు, ఎంత కాలంగా ఇక్కడున్నావు అని. బందీ పలక మీద రెండింటికీ జవాబు వ్రాస్తాడు. దుండగుల కళ్లెదుటే వారి రహస్యం బయటికి వస్తూ ఉంటుంది. కోర్టులో బెంచి గుమాస్తా తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగుతో నా కక్షిదారుకు అనువాదం చేస్తున్నప్పుడల్లా నాకు ఈ కథ గుర్తొస్తుంది.

మనకు ఇటువంటి కథానాయకులు లేక కాదు. 1830–31లో కాశీయాత్ర చేసి దాన్ని తెలుగులో గ్రంథస్థం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారి ఉద్యోగం ఏమిటి? మద్రాసు సుప్రీంకోర్టులో దుభాషీ. దొరల న్యాయానికీ మన జనుల మాటకూ నడుమ రోజూ నిలబడినవారు. ఆయనను ఒక నేర నవలలో పరిశోధకునిగా నిలబెట్టాలన్న ఊహ ఇంతవరకూ ఏ తెలుగు రచయితకూ ఎందుకు రాలేదో! మన యువ రచయితలెవరైనా అందుకుంటే దుభాషీల ఉద్యోగానికి సంబంధించిన చట్టపు సంగతులు చెప్పి సహాయపడటానికి నేను సిద్ధం.

రెండవ తూనిక, అనుమానం ఎవరి మీద వాలుతుంది అన్నది. ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే మతాచార్యుడు 1929లో డిటెక్టివ్ రచయితలకు పది ఆజ్ఞలు వ్రాశాడు. వాటిలో ఒకటి, కథలో చైనావాడు ఉండరాదు అని. పైకి జాతిద్వేషంలా వినిపిస్తుంది గాని అసలు ఎత్తిపొడుపు రచయితల మీద. ఆనాటి చౌకబారు నవలల్లో దుర్మార్గుడు కావలసి వస్తే ఒక చైనావాణ్ణి తెచ్చి పెట్టేవారు. ఆ సోమరితనాన్ని మానుకోండి అని నాక్స్ ఉద్దేశం. మన సంచిలోని నవలల్లోనూ ఈ సోమరితనం ఉంది. వాటిలో గూర్ఖా, మళయాళీ నర్సు, అరవ వంటవాడు నవ్వించడానికో అనుమానించడానికో తప్ప రారు. తమిళనాట మనల్ని "గొల్టి" అంటే మనకు ఎంత నొప్పో మనకు తెలుసు. మన పుస్తకంలో పక్కవాడు ఎలా కనబడుతున్నాడో కూడా చూసుకోవాలి కదా.

ఈ విషయంలో అన్నిటికంటే బరువైన ఉదాహరణ స్టూవర్టుపురం. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, కొన్ని కులాలలో పుట్టిన ప్రతి బిడ్డనూ పుట్టుకతో నేరస్థునిగా నమోదు చేయడం మొదలుపెట్టారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవారిని తెచ్చి బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఉంచి, సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో పెట్టారు. 1952లో చట్టం రద్దయింది. పేరు మాత్రం రద్దు కాలేదు. యండమూరి దర్శకత్వం వహించిన సినిమా సహా 1991లోనే ఆ ఊరి పేరు పెట్టుకొని రెండు సినిమాలు వచ్చాయి, 2023లో ఆ ఊరి దొంగ కథగా మరొకటి. ఎరుకల భాష తమిళానికి దగ్గరి చుట్టమని భాషావేత్తలు చెబుతారు. అంటే తెలుగునాట తెలుగు కాని ఇంటి భాషతో బ్రతికినవారు వారు. తమిళనాట మనం ఎలాగో అక్కడ వారు అలాగ. ఆ ఊరి పేరు అట్ట మీద పడగానే దొంగ అని పాఠకునికి అర్థమైపోతుందంటే, రచయిత తన పనిని ఆ పాత చట్టానికి అప్పగించినట్లే. సంచిలో అటువంటి నవల కనబడితే తీసి పారేయమని నేను చెప్పలేదు. చదివించేవారు 1871 సంగతి పిల్లలకు ముందుగా చెప్పండి అన్నాను.

చేతబడిని ఇరుసుగా చేసుకున్న నవలల దగ్గర మాత్రం నేను పెద్దలతో ఏకీభవించాను. 1980లలో "తులసిదళం" నుండి మొదలైన క్షుద్ర సాహిత్య వివాదం అందరూ ఎరిగినదే. ఆ నవలలు ఉత్కంఠలో ఎవరికీ తీసిపోవు, ఒప్పుకుంటాను. కాని మన చుట్టూ చూడండి. మహారాష్ట్రలో దాభోల్కర్ హత్య జరిగిన 2013లోనే దురాచారాలకూ చేతబడికీ వ్యతిరేకంగా చట్టం వచ్చింది. అదే ఏడు ఒడిశా మంత్రగత్తె ముద్రవేసి వేధించడాన్ని నిషేధించింది. 2017లో కర్ణాటక చట్టం చేసింది. మన కుటుంబాలున్న మూడు రాష్ట్రాలు చట్టం చేయవలసినంతగా ఈ నమ్మకం మనుషుల్ని చంపుతోంది. గడ్చిరోలి పల్లెలోనో కోరాపుట్ కొండలోనో చదువుకొనే పదమూడేళ్ల పిల్లకు ఇది కేవలం కథ కాదు. పద్దెనిమిది నిండినవారికే ఇవ్వాలని ఆ పుస్తకాలను బీరువాలో పెట్టించాను. ఈ నిర్ణయం అందరికీ నచ్చలేదు. బీరువాలో పెడితేనే పిల్లలకు ఆత్రం పుడుతుందని మా యువకుడు అన్నాడు. అతని మాటలోనూ న్యాయం లేకపోలేదు.

మిగిలినవన్నీ బయటి అరల్లోకి వచ్చాయి. అభ్యంతరం చెప్పిన పెద్దలు కూడా మొన్న ఒక యుగంధర్ తీసుకొని వెళ్లారు, మనవడి కోసమని. ఇప్పుడు మాకున్న ఇబ్బంది ఒకటే. సంచిలోని వాటిలో 11 నవలలకు చివరి పేజీలు లేవు. నాలుగింటికి పేరు కూడా తెలియడం లేదు, పాత్రల పేర్లను బట్టి గుర్తించవలసి వస్తోంది. మన పాఠకుల ఇళ్లలో, అటకల మీద, పెట్టెల అడుగున పాత డిటెక్టివ్ నవలలు ఏ స్థితిలో ఉన్నా దయచేసి పారవేయకండి. పత్రిక ద్వారా కబురు చేస్తే మా మందిరం వారే వచ్చి తీసుకువెళతారు. అమ్మమ్మలో తాతయ్యలో పుస్తకం మార్జినులో మాటలకు అర్థాలు వ్రాసుకొని ఉంటే అవి మరీ ముఖ్యం. చెరిపివేయవద్దు.